చింతపండు మండీలో చావని కథానాయిక

లైబ్రరీ పనిలో చేరబోయే పిల్లలు ఇద్దరు ఈ మధ్య మా ఇంటికి వచ్చి, "మీ అనుభవం రాసి ఇవ్వండి" అని అడిగారు. పుస్తకాలకు నంబర్లు ఎలా వేయాలో, చెదలు పట్టకుండా ఏం చల్లాలో మీకు శిక్షణలో చెప్తారు. అది నేను రాయను. నాకు జీతం ఎప్పుడు పెరిగిందో, ఎప్పుడు పెరగలేదో కూడా రాయను. ఆ ఉద్యోగంలో నాకు కోపం తెప్పించినవాటి గురించి రాస్తాను. కోపం చల్లారాక రాద్దామని కొన్నేళ్ళు ఆగి చూశాను. చల్లారలేదు.

నా సంగతి

మా వంశానికి ఒకప్పుడు ఉద్దనపల్లి చుట్టూ ఊళ్ళు ఉండేవి. కోర్టు వ్యాజ్యాల్లో అన్నీ పోయాయి. నాకు ఊహ తెలిసేనాటికి మిగిలినవి ఇంటిపేరు, మా నాయన నల్లకోటు. హోసూరు శాఖా గ్రంథాలయంలో ఉద్యోగం వస్తే ఆ కోటే వేసుకొని వెళ్ళి చేరాను. దొరల బిడ్డ గుమాస్తా పనికి దిగినాడని బజారులో నవ్వినవాళ్ళు ఉన్నారు. ఆ నవ్వినవాళ్ళలో ఒక్కడికీ చదివే అలవాటు లేదు కాబట్టి వాళ్ళతో నాకు పని పడలేదు.

అవి యాభైల నాటి రోజులు. రాష్ట్రాలు భాషల ప్రకారం విడిపోయి మేము మద్రాసు వైపు ఉండిపోయాం. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, బెంగళూరు బస్సెక్కితే కన్నడం. మా వైపు తెలుగు మాట్లాడేవాళ్ళు ఎందరో ఉన్నారు. తెలుగు అక్షరం చదవగలిగినవాళ్ళు మాత్రం బహు కొద్దిమంది. చదవడం వచ్చినవాళ్ళలోనూ చాలామంది చిత్తూరు వైపు నుంచి కాపురానికి వచ్చిన ఆడవాళ్ళు. ఈ ఒక్క సంగతి తెలియని పై అధికారులు మా తెలుగు బీరువాను చూసి, "ఇది ఎవరికోసం?" అని ఏటేటా అడిగేవారు.

ప్రేమ నవలలు

ఆ బీరువాలోని ప్రతి నవలా నేను చదివాను. లైబ్రేరియన్ చదవకూడదని ఒక పై అధికారి నాకు చెప్పాడు. చదువుతూ కూర్చుంటే పని ఆగిపోతుందట. చదవకుండా ఇచ్చేవాడికీ, కిరాణాకొట్టులో పొట్లాలు కట్టేవాడికీ తేడా ఏమిటో ఆయన చెప్పలేదు. మీరు చదవండి.

చదివాక మీకూ కోపం వస్తుంది. ఆ రోజుల్లో వచ్చిన ప్రేమ నవలల్లో పిల్ల ఎప్పుడూ పేదది, చదువుకున్నది, మాట్లాడదు. పిల్లవాడు జమీందారు కొడుకు. అతనికి కారు ఉంటుంది, వెన్నెముక ఉండదు. తల్లి విషం తాగుతానంటే మేనత్త కూతుర్ని కట్టుకుంటాడు. పేద పిల్లకు దగ్గు మొదలవుతుంది. దగ్గు మొదలైందంటే ఇక ముప్ఫై పుటల్లో పోతుందని నేను కళ్ళు మూసుకొని చెప్పగలను. పోయేముందు అతని ఫోటో చేతిలో ఉంటుంది. అతను వచ్చి ఏడుస్తాడు. చదివిన మగవాడు పుస్తకం మూసి, "ఆహా, ఎంత త్యాగం!" అంటాడు. ప్రాణం ఇచ్చింది పిల్ల, మెచ్చుకోలు కొట్టేసింది ఆ కారు వాడు.

జమీందార్ల గురించి ఆ రచయితలు రాసింది చదివితే వాళ్ళలో ఒక్కడూ మా వంటి ఇంటి గడప తొక్కలేదని తెలుస్తుంది. వాళ్ళ జమీందారు తాగుతాడు, కొరడా పట్టుకుంటాడు, లేకపోతే చివరి పుటలో మారిపోయి ఆస్తి పంచుతాడు. మా నాయన పొద్దున రాగిముద్ద తిని, తానే ఉతుక్కున్న చొక్కా వేసుకొని, ఓడిపోతానని తెలిసిన వ్యాజ్యానికి వాయిదా తప్పకుండా వెళ్ళేవాడు. ఆ మనిషి నాకు ఏ నవలలోనూ కనపడలేదు.

అపరాధ పరిశోధకులు

డిటెక్టివ్ నవలల మీద నాకున్న కోపం వేరు రకం. చదువుతున్నంతసేపు వదలవు, చదివాక నోట్లో ఏమీ మిగలదు. మద్రాసు ఎండలో ఓవర్‌కోటు వేసుకొని తిరిగే డిటెక్టివ్‌ను ఎవరు నమ్ముతారు? హోసూరు చలిలో కూడా ఓవర్‌కోటు వేసిన మనిషిని నేను చూడలేదు. సిగరెట్టు ముక్కను బట్టి హంతకుణ్ణి పట్టేస్తాడు. మా పఠనమందిరం బెంచీల కింద సాయంత్రానికి దొరికే బీడీ ముక్కలతో అతను ఊరందరినీ ఉరి తీయించేవాడు.

అయినా వాటికే గిరాకీ. ఎవడో మహానుభావుడు ప్రతి పుస్తకం మొదటి పుటలో పెన్సిలుతో "చంపింది వంటవాడు" అనో, "డాక్టరును నమ్మవద్దు" అనో రాసి పెట్టేవాడు. నేను రబ్బరు పట్టుకొని చెరిపేవాణ్ణి. అతను మళ్ళీ రాసేవాడు. అతను ఎవరో నాకు ఈనాటికీ తెలియదు. తెలిస్తే ఇప్పుడైనా వెళ్ళి మాట్లాడతాను.

పుటలు చింపే పెద్దమనిషి

తరువాత నన్ను కృష్ణగిరికి మార్చారు. ఆ శాఖకు ఒక సలహా సంఘం ఉండేది. అందులో నారాయణప్ప అని చింతపండు మండీ యజమాని ఒకాయన. ఆయనకు తెలుగు అక్షరం రాదు. ఆయన భార్యకు వచ్చు, ఆమెకు సీరియళ్ళంటే ప్రాణం. తెలుగు వారపత్రిక మాకు చేరిన రోజునే ఆయన వచ్చి, సీరియల్ ఉన్న పుటలు నెమ్మదిగా చింపి జేబులో పెట్టుకొని పోయేవాడు. ఇంట్లో ఆ పుటలన్నీ చేర్చి బైండు చేయించేవారట.

ఒక వారం నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను.

"చిన్న కాగితానికి ఇంత రాద్ధాంతమా లైబ్రేరియన్? నేను కమిటీ మెంబరు" అన్నాడు.

"అందుకే మెల్లగా పట్టుకున్నాను" అన్నాను. "ఆ పుట బల్ల మీద పెట్టండి."

పఠనమందిరంలో ఉన్నవాళ్ళందరూ చూస్తుండగా ఆయన పెట్టాడు. పోతూ పోతూ, "ఊళ్ళు పోయినా పొగరు పోలేదు" అన్నాడు. ఆ మాట నిజమే. నేను జిగురు తెచ్చి ఆ పుటను పత్రికలో అతికించాను.

రుక్కమ్మ

ఆ నారాయణప్ప మండీలోనే రుక్కమ్మ చింతపండు కొట్టేది. పలమనేరు దగ్గరి పల్లె నుంచి కాపురానికి వచ్చింది. భర్త లేడు. పుట్టింటి బడిలో తెలుగు చదువుకుంది. లైబ్రరీ లోపలికి వచ్చి పుస్తకం అడిగిన ఆడమనిషి ఆ రోజుల్లో ఆమె ఒక్కతే. ఆమె వస్తే మగవాళ్ళు పేపర్లు మొహానికి అడ్డం పెట్టుకునేవారు.

"సామీ, పోయినవారం ఇచ్చిన బుక్కు బాగలేదు" అని బల్ల మీద పెట్టేది.

"ఏం, ఎందుకు బాగలేదు?"

"మొదట్నుంచి కడదాకా ఏడుపే. ఏడ్చేదానికి మా ఇండ్లల్లో తక్కువయిందా, మళ్ళా మీ కాడికొచ్చి తీసకపోయేదానికి? హత్య ఉండేది ఇయ్యి సామీ. హత్యలో ఎవరూ ఊరికే ఏడ్వరు, పట్టుకునే పనిలో ఉంటారు."

ఆ మాట విన్నాక డిటెక్టివ్ నవలల మీద నా కోపం కొంచెం తగ్గిందని ఒప్పుకోవాలి.

పుస్తకాల అంచులన్నీ చింతపండు మరకలతో తిరిగొచ్చేవి. నేను కేకలేసేవాణ్ణి. "చేతులు కడుక్కొని చదవచ్చు గదమ్మా?" అంటే, "కడుక్కుంటే చదివేదెప్పుడు సామీ, పని నడస్తా ఉంటేనే గదా చదివేది" అనేది. నాకు అప్పుడు అర్థం కాలేదు.

తరువాత తెలిసింది. చింతపండు రోజుల్లో మండీ షెడ్డులో ఆడవాళ్ళు వరసగా కూర్చొని పెంకు రాల్చి, కాయ కొట్టి, గింజ తీస్తారు. ఎవరు తీసిన పండు వాళ్ళ బుట్టలో పడుతుంది. సాయంత్రం బుట్ట తూకాన్ని బట్టి కూలి. రుక్కమ్మ పని చేయకుండా నవల చదువుతుంది. వినేవాళ్ళు తలా ఒక గుప్పెడు ఆమె బుట్టలో వేస్తారు. అలా ఆమె బుట్ట నిండుతుంది. ఒకరు తీసుకున్న పుస్తకం షెడ్డు మొత్తం వింటుంది. పై అధికారులకు మాత్రం ఒక కార్డు మీద ఒక తేదీ ముద్ర కనపడుతుంది, అంతే.

కాఫీ మాట

ఇప్పుడు అసలు విషయం. హైమవతి అనే పంతులమ్మ కథ ఉన్న నవల ఒకటి మాకు వచ్చింది. దాని పేరు చెప్పను. చెప్తే ఆ రచయితకు మర్యాద చేసినట్టవుతుంది. నేను పైన చెప్పిన కథే. జమీందారు కొడుకు, మేనత్త కూతురు, దగ్గు, శానిటోరియం, ఫోటో, చావు. రుక్కమ్మ దాన్ని తీసుకుపోయి తిరిగిచ్చింది.

నాలుగు రోజులు గడవకముందే బస్సు కండక్టరు మునిరత్నం వచ్చాడు. అతనికి కూడబలుక్కొని తెలుగు చదవడం వచ్చు. అతని భార్య మండీలో పని చేసేది. అదే నవల అడిగి తీసుకుపోయాడు. రెండో రోజే తిరిగొచ్చి పుస్తకం బల్ల మీద తట్టాడు.

"కాఫీ మాట యాడుంది సార్ దీంట్లో?"

"ఏం కాఫీ?"

"అదే సార్, కడాకు ఆ దొరకొడుకు ఏడ్చుకుంటా వస్తే హైమవతి మంచం మీద లేసి కూర్చోని, 'ఎండలో వచ్చినావు, కాఫీ తాగి పో అప్పా' అంటాది గదా! తర్వాత ఆ యమ్మకు దగ్గు నయమయ్యి మళ్ళా బడికి పోతాది. మా ఆడది దినమూ అదే మాట. నేను డ్యూటీ దిగి వస్తే చాలు, 'కాఫీ తాగి పో అప్పా' అంటాది. దీంట్లో చూస్తే ఆ పిల్ల సచ్చిపోతా ఉండాది!"

"ఉన్నది అంతే."

"అట్లెట్ల సార్? షెడ్డంతా విన్నారు. మంచి బుక్కు యాడ పెట్టినారు?"

ఆ వారం మరో ముగ్గురు అదే అడిగారు. నేను కోటు గుండీలు పెట్టుకొని మండీ వైపు వెళ్ళి, షెడ్డు గోడ అవతల నిలబడి విన్నాను. రుక్కమ్మ వేరే నవల చదువుతోంది. అది నాకు బాగా తెలిసిన నవల. కళ్ళు పుట మీదే ఉన్నాయి, వేలు వరస వెంట నడుస్తోంది, నోట్లోంచి వచ్చేది మాత్రం వేరే. కోస్తా మాటలన్నీ మా మాటలైపోయాయి. రచయిత పుటన్నర ఏడిపించిన చోట ఆమె ఒక్క వాక్యంలో దాటేసింది.

తరువాత ఆమె లైబ్రరీకి వచ్చినప్పుడు నిలదీశాను.

"అచ్చులో లేనిది చదవడం మోసం రుక్కమ్మా. పుస్తకానికి ఒక మర్యాద ఉంది."

"ఆ పిల్లకు లేదా సామీ మర్యాద? పాఠం చెప్పి బతికే ఆడది, వాని ఫోటో పట్టుకోని సావల్లనా? నేను సదివినాను కడాదాకా. ఆడోళ్ళు గుప్పెట్లో పండు పట్టుకోని నా మొగం చూస్తా ఉండారు. సంపేదానికి నాకు నోరు రాలేదు."

"రాసినవాడు చంపాడు. నువ్వెవరు బతికించడానికి?"

"వాడెవడు సంపేదానికి?"

ఆ రోజు ఆమెకు పుస్తకం ఇవ్వలేదు. నాకు అంత కోపం వచ్చింది. కోపం ఆమె మీదా, ఆమెను నిలదీసిన నా మీదా, లేక ఆ రచయిత మీదా అన్నది ఇంటికి పోయేదాకా తేలలేదు. ఇంటికి పోయాక రచయిత మీదే అని తేల్చుకున్నాను.

విచారణ

నారాయణప్పకు ఇంతకంటే మంచి అవకాశం దొరకదు. లైబ్రేరియన్ మంచి ప్రతిని బెంగళూరులో పాత పుస్తకాల వాళ్ళకు అమ్ముకొని, దాని స్థానంలో ఏదో చౌక ముద్రణ పెట్టాడని, కాఫీ మాట లేకపోవడమే అందుకు రుజువని పైకి ఫిర్యాదు పంపాడు. పుస్తకం మీద లైబ్రరీ ముద్ర ఉంది కదా అంటే, ముద్ర ఎవరి దగ్గర ఉంటుందని అడిగాడు.

సేలం నుంచి ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. ఆయనకు తెలుగు వింటే తెలుస్తుంది, చదవడం రాదు. అంటే ఒక నవల మీద విచారణకు, ఆ నవల చదవలేని మనిషిని పంపారు. నా ఉద్యోగం ఆయన చేతిలో ఉంది. అంతకంటే ముఖ్యంగా నా పేరు ఉంది. మా ఇంట్లో అన్నీ పోగొట్టుకున్నారు కానీ, దొంగ అనిపించుకున్నవాడు లేడు.

"మీరు ఏం చెప్తారు?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"పుస్తకం వచ్చినట్టే ఉంది. నేను చెప్పేది అంతే."

నాకు తెలిసినదంతా చెప్పి ఉంటే ఒక్క నిమిషంలో బయటపడేవాణ్ణి. కూలి చేసుకునే ఒక ఆడమనిషిని ముందుకు తోసి నా పరువు కాపాడుకోవడం నాకు చేతకాదు.  కానీ రిజిస్టరులో పేరు విని ఆయనే రుక్కమ్మను పిలిపించాడు. ఆమె వెనకాల షెడ్డులోని ఆడవాళ్ళు సగంమంది వచ్చి వాకిట్లో నిలబడ్డారు.

ఇన్‌స్పెక్టర్ పుస్తకం ఆమె చేతికిచ్చి, "నువ్వు చదివింది ఈ పుస్తకమేనా, వేరే పుస్తకమా?" అన్నాడు.

వేరే అని ఒక్క మాట అంటే ఆమెకు ఏ నష్టమూ లేదు. షెడ్డులో ఆమె మాట నిలుస్తుంది, బుట్ట నిండుతుంది. నేను పోతాను. పైగా నేను ఆమెకు పుస్తకం ఇవ్వకుండా పంపినవాణ్ణి. ఆమె యజమాని పక్కనే కుర్చీలో కూర్చొని ఉన్నాడు. "భయపడొద్దు రుక్కమ్మా, వేరే అయితే వేరే అని చెప్పు" అని నారాయణప్ప మెత్తగా అన్నాడు.

ఆమె పుటలు తిప్పి చూసింది.

"ఇదే సామీ. ఇదో, ఇవన్నీ నా వేళ్ళ మరకలే. ఈ సామి నన్ను తిట్టినాడు గూడా."

"మరి ఆ కాఫీ మాట?"

"బుక్కులో లేదు. నేను చెప్పినాను. బుక్కులో ఆ పిల్ల సచ్చిపోతాది."

వాకిట్లో ఎవరో, "అయ్యో పాపీ!" అన్నారు. ఆ మాట రచయితను కాదు, రుక్కమ్మను.

ఇన్‌స్పెక్టర్ నవ్వాడు. నా మీద తప్పేమీ లేదని రాసుకున్నాడు. పోతూ, "ఒక నవల కోసం ఇంత దూరం రావలసి వచ్చింది" అని నా భుజం తట్టబోయాడు. నేను పక్కకు జరిగాను.

మండీలో

వారం గడిచింది, రుక్కమ్మ రాలేదు. మునిరత్నం వచ్చాడు.

"రుక్కమ్మ ఇప్పుడు చదవడం లేదు సార్. ఎవరూ విననంటారు. హైమవతి సచ్చిపోయిందంటే, మరి పోయిన ఏడాది విన్నవన్నీ అబద్ధమేనా, ఆ హత్య కథలో డాక్టరును అనవసరంగా తిట్టుకుంటిమే అని కొట్లాట. మా ఆడది రెండు దినాలు అన్నం తినలేదు. ఆ పిల్ల కోసం మా ఇంటి పిల్ల సచ్చినట్లు ఏడ్చింది. రుక్కమ్మ ఒక మూల కూర్చోని పండు కొడతా ఉంది. చెయ్యి అలవాటు తప్పిపోయింది సార్, సగం బుట్ట గూడా కావడం లేదు."

"నారాయణప్ప?"

"పనికి రావద్దు అనేదానికి సాకు చూస్తా ఉండాడు."

ఆ రోజు మధ్యాహ్నం నేను లైబ్రరీ తలుపు మూశాను. పని వేళలో తలుపు మూయడం నా ఉద్యోగంలో అదొక్కసారే. నవల చేత పట్టుకొని మండీకి వెళ్ళాను. ఒక వర్తకుడి షెడ్డులోకి పిలవకుండా అడుగుపెట్టడం మా ఇంట్లో నాకు ముందు ఎవరూ చేయలేదు. లోపల పెంకు దుమ్ము. సుత్తెలు ఆగాయి. రుక్కమ్మ తల ఎత్తలేదు.

"మీరు మొన్న విచారణలో విన్నది నన్ను కాపాడడానికి రుక్కమ్మ చెప్పిన మాట" అన్నాను. "ఇదిగో, నా చేతిలో ఉన్నది చెడ్డ ప్రతి. ఇందులో ఆ పిల్ల చచ్చిపోతుంది. రుక్కమ్మ మీకు చదివింది మంచి కథ. అదే సరైనది."

వరసలో ఒక ముసలమ్మ కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకొని నన్ను చూసింది.

"అట్లయితే హైమవతి బతికే ఉందా సామీ?"

"బతికే ఉంది."

"బడికి పోతా ఉందా?"

"పోతోంది."

ఆమె పక్కన ఇంకొకామె, కొంచెం పడుచుది, చేతిలో సుత్తె తిప్పుతూ అడిగింది: "మరి ఆ మంచి బుక్కు యాడుంది? నారాయణప్ప చెప్పినట్ల అమ్మేసినావా?"

రుక్కమ్మ అప్పుడు తలెత్తింది. నోరు తెరవబోయింది. సుమ్మనే ఉండమని నేను చేత్తో సైగ చేశాను.

ముసలమ్మ తన ముందున్న పండు ఒక గుప్పెడు తీసి, లేచి వెళ్ళి, రుక్కమ్మ బుట్టలో వేసింది. "సెరి లేమ్మా. వాళ్ళ అమ్మకాలు వాళ్ళవి. నువ్వు చదువు" అంది.

నేను వీపు తిప్పి బయటికి వచ్చాను. వెనకాల రుక్కమ్మ గొంతు మొదట తడబడి, తరువాత సర్దుకుంది.

కృష్ణగిరిలో నేను పుస్తకం అమ్ముకున్నానని నమ్మేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. సంతలో ఎదురుపడితే చూపులో తెలుస్తుంది. నారాయణప్ప ఉన్నన్నాళ్ళూ ఆ మాట చెప్పుకొని తిరిగాడు. వాళ్ళలో ఒక్కరికీ నేను సంజాయిషీ ఇవ్వలేదు. మా పిల్లలు అడిగినా ఇవ్వలేదు. ఇది చదివి మీరు పోయి నా తరఫున ఎవరికీ నచ్చచెప్పకండి. ఆ షెడ్డులో ఆనాడు విన్నవాళ్ళు ఇంకా కొందరు బతికి ఉన్నారు.